అక్క కొలతకి కుట్టిన కారు

సుత్తి మేస్త్రి చేతిలో సుద్దముక్క. షెడ్డు నేల మీద రెండు ఇటుకలు, వాటి మీద ఒక పలక, పలక మీద కాళ్ళు బారజాపుకుని వాళ్ళక్క. ఆమె చేతుల్లో స్టీరింగుకి బదులు పెద్ద గిన్నె మూత. మేస్త్రి మోకాళ్ళ మీద పాకుతూ, ఆమె మడమల దగ్గర మొదలుపెట్టి పిక్కల పక్కగా, తుంటి చుట్టూ, వీపు వెనకదాకా తెల్లగీత లాక్కొస్తున్నాడు.

“చక్కిలిగిలి పెట్టకురా,” అంది అక్క.

“కదలకు.”

“పంతొమ్మిదేళ్ళు అంబులెన్సు తోలాను. మనిషి చుట్టూ సుద్దగీత గీశారంటే దానర్థం ఏంటో నాకు తెలుసు.”

“వాళ్ళే నయం. గీసేటప్పుడు నోరు మూసుకుని పడుంటారు.”

అక్క పకపకా నవ్వింది. నవ్వితే భుజం కదిలి గీత వంకరపోయింది. మేస్త్రి తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీశాడు.

గుమ్మం దగ్గర కుట్టుమిషను ముందు కూర్చున్న ఆయన భార్య దారం పళ్ళతో కొరికి తెంపి, తల ఎత్తకుండానే అంది: “వదిన కోటు వేసుకుంటారు కదా. భుజాల దగ్గర అంగుళం ఎక్కువ పెట్టండి.”

“పెట్టాను.”

మొగుడూ పెళ్ళాల మధ్య ఒక పూటకి అది చాలా ఎక్కువ సంభాషణ.

మామూలుగా ఎవరినైనా సుత్తి అన్నారంటే వాగుడుకాయ అని. ఈయనకి ఆ పేరు నిజం సుత్తి వల్లే వచ్చింది. బస్సు బాడీలు కట్టే కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్ళు రేకు పని చేశాడు. చేరినప్పుడు నట్లు ఏరే పని. కార్ఖానా మూతపడేనాటికి రేకు మీద వేలితో తట్టి ఎక్కడ గుంట ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కవాడి చెయ్యి చూసి, రాత్రికి తన చెయ్యి వాయగొట్టుకుని నేర్చుకున్నాడు. మాటల సుత్తి వాటా మొత్తం ఆయన బామ్మర్దికి దక్కింది. పక్కసందులో లేతు మిషను నడిపే ఆ బామ్మర్ది, మిషను ఆగినా నోరు ఆపడు.

నేల మీద కూర్చున్నది మేస్త్రి కంటే అయిదేళ్ళు పెద్ద. ఇరవయ్యో ఏట పాలవ్యాను ఎక్కింది. తరువాత స్కూలు బస్సు, ఆ తరువాత అంబులెన్సు. వీధి వీధంతా ఆమెను అంబులెన్సక్క అనే పిలుస్తుంది. నలభై ఏళ్ళు స్టీరింగు పట్టుకున్నా అన్నీ పరాయి బళ్ళే, అన్నీ ఎవరో చెప్పిన దారులే. పాలు విరగకూడదని మెల్లగా, పిల్లలున్నారని ఇంకా మెల్లగా, వెనక మనిషి కొట్టుకుంటుంటే మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని. తనకోసం, తన సరదాకి, ఒక్క మైలు తోలింది లేదు.

ఊరి బయట కొండదారి మీద ఏటా ఒక పరుగు జరుగుతుంది. పాతకాలపు వాటం కార్లకే ప్రవేశం: పైకప్పు ఉండకూడదు, చక్రాలు ఒంటి బయట ఉండాలి, చేతిబ్రేకు పక్కన బయటికి కనపడాలి. బండి నిజంగా పాతదే కానక్కర్లేదు, ఇంట్లో చేసుకున్నదైనా ఫరవాలేదు. ఒక్కొక్క కారే కొండెక్కుతుంది, కింద ఒకరు పైన ఒకరు గడియారం పట్టుకుని చూస్తారు. ఏళ్ళ తరబడి అక్క ఆ పరుగులో అంబులెన్సుతో దారి పక్కన నిలబడింది, ఎవరికైనా దెబ్బ తగిలితే తీసుకుపోవడానికి. అరవై అయిదు నిండినవాళ్ళు నడపకూడదన్నది అక్కడి నియమం. వచ్చే పరుగునాటికి ఆమెకి అరవై అయిదు నిండటానికి పదకొండు రోజులు తక్కువ. ఆ పై ఏడాది వీల్లేదు.

“ఒక్కసారి నేను ఎక్కాలిరా,” అంది ఒకరోజు టీ తాగుతూ, గ్లాసు కింద పెడుతూ. పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ణి ఆమె అడిగిన మొదటి కోరిక అది. మేస్త్రి సరే అనలేదు, కాదనలేదు. లేచి షెడ్డులో ఉన్న పాత సామానంతా బయటికి గెంటి నేల కడిగాడు.

ఇప్పుడు అక్క పలక మీద నుంచి లేచి వెనక్కి తిరిగి చూసింది. నేల మీద తను కూర్చున్న ఆకారం, చుట్టూ పొడుగ్గా ముక్కు, వెనక కురచగా కొనదేరిన తోక.

“ఇంతేనా బండి?”

“ఇంతే. మిగతాది ఇనుము.”

*

మిగతా ఇనుము పట్టుకు రావడానికి మూడు నెలలు పట్టింది. తుక్కు దుకాణాల్లో తిరిగి తిరిగి, అక్క నడిపిన పాత అంబులెన్సునే పట్టాడు మేస్త్రి. ఒళ్ళు తుప్పుపట్టి జల్లెడైపోయినా ఇంజను గట్టిగా ఉంది. ఇంజను, గేరుపెట్టె, ముందు ఇరుసు విప్పి తెచ్చుకున్నాడు. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అడగలేదు గనక.

సుద్దగీతల మీదే ఇనప గొట్టాలు పరిచి చాసీ అతికాడు. బామ్మర్ది లేతు మీద స్టీరింగు కడ్డీ, ఊచలు దిగే చక్రాల బుడ్డలు కోసి పెట్టాడు, ఒక్కో ముక్కకి గంట పని, రెండు గంటల ఉపన్యాసం. “బావా, ఈ పని బయట చేయిస్తే తెలుస్తుంది నా విలువ,” అని మొదలుపెట్టేవాడు. “అందుకే బయట చేయించడం లేదు,” అనేవాడు మేస్త్రి, ముక్క అందుకుని వెలుతురుకి పెట్టి చూస్తూ. వంక ఉంటే మారు మాట లేకుండా తిరిగి చేతిలో పెట్టేవాడు. వంక లేకపోతే జేబులో వేసుకునేవాడు. బామ్మర్దికి అదే మెప్పు.

ఊచల చక్రాలు మేస్త్రే అల్లాడు. చక్రానికి యాభై రెండు ఊచలు. ఒక్కోటి మీటి, చప్పుడు విని, బిగించి, మళ్ళీ మీటి. నాలుగు చక్రాలు ఒక్క శ్రుతిలో పలికేసరికి నెల గడిచింది.

పదో నెలకి చాసీ తన చక్రాల మీద తను నిలబడింది. ఇక ఒళ్ళు మిగిలింది.

ఈ ఒళ్ళు దగ్గరే మేస్త్రికి సొంత పంతం ఒకటి ఉంది. ముప్పై ఒక్కేళ్ళు బస్సుల మీద రివెట్లు కొట్టాడు. వరసలు వరసలుగా, గుండీల్లాగా, లక్షల్లో. ఎంత బాగా కొట్టినా బస్సు బస్సులాగే ఉండేది. జన్మకొక్కసారైనా అతుకు కనపడని ఒళ్ళు చెయ్యాలి: అల్యూమినియం రేకులు అంచుకి అంచు ఆనించి, మంటతో అతికి, అరగదీస్తే చెయ్యి పెట్టి నిమిరినా కీలు తగలకూడదు. చాసీ పని సాగుతుండగానే ఆరు నెలల పాటు తుక్కు రేకుల మీద సాధన చేశాడు. అల్యూమినియం కరగబోయే ముందు ఎర్రబడదు, చెప్పాపెట్టకుండా జారిపోతుంది. కారిన రేకుల కుప్ప మోకాలెత్తు పెరిగాక చెయ్యి కుదిరింది.

కారు ఆకారానికి కలపతో అచ్చు కట్టాడు. దాని మీద కాగితం పరిచి, రేకులు కోయడానికి నమూనాలు కత్తిరించాలి. గుండ్రటి ఒంటికి కాగితం అంటించడం రేకు పనివాడికి రాదు; టైలరుకి వెన్నతో పెట్టిన విద్య. మేస్త్రి భార్య టైలరమ్మ మెళ్ళో టేపుతో, నోట్లో గుండుసూదులతో వచ్చింది. అచ్చు చుట్టూ రెండు సార్లు తిరిగింది. “వీపు బాగుంది. నడుం దగ్గర కొంచెం లావు,” అంది. ఖాకీ కాగితం కప్పి, మడతలు పట్టి, సూదులు గుచ్చి, రెండు రోజుల్లో పదకొండు ముక్కలు కత్తిరించి, ప్రతిదాని మీద అంకె వేసి ఇచ్చేసింది. మూడోరోజు నుంచి ఆమె స్కూలు యూనిఫాంల పనిలో పడిపోయింది. రెండు వందల చొక్కాలు, తల తిప్పే తీరిక లేదు.

కోత ఒక రోజు, మోత మిగతా రోజులు అన్నది కార్ఖానా పద్ధతి. కోసేటప్పుడు చెయ్యి కోతకే అలవాటు పడాలి, కొట్టేటప్పుడు కొట్టడానికే. మేస్త్రి కాగితాలు రేకుల మీద పరిచి, పదకొండు ముక్కలూ ఒక్క రోజులోనే కోసేశాడు. తరువాత ఇసుకసంచి ముందేసుకుని, కొయ్యసుత్తితో ఒక్కో రేకునీ గిన్నెలా లోతు చేస్తూ, మళ్ళీ నునుపు చేస్తూ, వారాల తరబడి కూర్చున్నాడు. టకటకమనే ఆ చప్పుడుకి వీధిలో వాళ్ళు అలవాటు పడిపోయారు. ఆయన భోజనానికి లేచి చప్పుడు ఆగితేనే ఎదురింటి పసిపాప ఉలిక్కిపడి ఏడ్చేది.

*

పరుగు ఇంకా అయిదు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం పూట, మేస్త్రి మొదటిసారి రెండు రేకులు పక్కపక్కన అచ్చు మీద పెట్టాడు.

మధ్యలో సందు.

సర్దాడు. ఇటు జరిపితే అటు సందు, అటు జరిపితే ఇటు. బొటనవేలు అందులో పెట్టాడు. సరిగ్గా పట్టింది. మూడో రేకు తెచ్చాడు, నాలుగోది తెచ్చాడు. పదకొండూ పరిచేసరికి అచ్చు మీద కారుకి బదులు ఎండకి బీటలు వారిన నేల కనపడింది. ప్రతి అతుకు దగ్గరా అంగుళం ఖాళీ.

తరువాత కాగితాలు తీసి అచ్చు మీద పెట్టి చూశాడు. కాగితాలు అంచుకి అంచు అతికినట్టు కూర్చున్నాయి. వెంట్రుకంత తేడా లేదు.

అప్పుడు అర్థమైంది. టైలరు ఏ ముక్క కత్తిరించినా కుట్టుకోసం చుట్టూ అరంగుళం వదులుతుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఎగిరే ప్రతి కాగితానికీ ఆ అరంగుళం ఉంది. అతికే రేకుకి కుట్టు ఉండదు గనక, మేస్త్రి ప్రతి గీతకీ అరంగుళం లోపలికి కోశాడు. చాలా జాగ్రత్తగా.

“ఇదిగో,” అని పిలిచాడు.

టైలరమ్మ చేతిలో చొక్కా కాలరుతోనే వచ్చింది. చూసింది. ఆమెకి అడగాల్సిన అవసరం రాలేదు.

“లోపలికి కోశారా?”

“నువ్వు అరంగుళం వదులుతావుగా.”

“రేకుకి కుట్టెక్కడుంది? అంచుకి అంచు అతుకుతారని నాకు తెలీదా? అందుకే ఈసారి వదల్లేదు.”

“చెప్పొచ్చుగా.”

“అడగొచ్చుగా.”

అంతే. ఇద్దరూ ఎదుటివాళ్ళ పని మీద గౌరవంతోనే చేశారు. ఇద్దరూ నోరు విప్పలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇద్దరూ కోప్పడ్డారు.

మామూలు ఇళ్ళలో పోట్లాట వస్తే మాటలు మానేస్తారు. ఇక్కడ మానేయడానికి మాటలే తక్కువ గనక, పోట్లాట వస్తే మర్యాద పెరుగుతుంది. “భోజనానికి దయచేస్తారా?” అనేది టైలరమ్మ. “తమరు కానివ్వండి,” అనేవాడు మేస్త్రి. రెండో రోజు బామ్మర్ది గుమ్మంలో అడుగుపెట్టి, తన అక్కాబావల నోట ఆ మాటలు విని, “అమ్మో, పెద్ద గొడవే,” అని చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగాడు.

రేకు మళ్ళీ తెప్పించే దారి లేదు. ఆ మందం రేకు అడిగినవాడికి రెండు నెలలకి వస్తుంది. మేస్త్రి ఒక రేకు అంచు సాగగొట్టి చూశాడు. పావంగుళం సాగింది, ఆ పైన పలచబడి చీలింది. సందులో పట్టీ పెట్టి మంటతో అతుకుదామంటే, ఒక అతుకు పోయి రెండు అతుకులవుతాయి. అంత వేడికి రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. ఒక పాత ముక్క మీద చేసి చూశాడు. తిరిగింది.

ఆదివారం అక్క వచ్చింది. షెడ్డులోకి వెళ్ళి, బీటలు వారిన బండి చుట్టూ తిరిగి, లోపలికి వచ్చి కూర్చుంది. మరదలు “టీ తీసుకుంటారా వదినా” అని, ఆ వెంటనే మొగుడి వైపు తిరిగి “తమరికి కూడా తెమ్మంటారా?” అనడం వింది.

“ఏంటి, ఇంట్లో ఎవరైనా పోయారా?”

మేస్త్రి తన అరచేతులు చూసుకుంటున్నాడు.

“పోనీలేరా,” అంది అక్క, తేలిగ్గానే. “శనివారం లోపు చెప్తే పేరు తీసేస్తారట. తీసేయమంటాను. నేనేం చిన్నపిల్లనా, పేచీ పెట్టడానికి?”

టీ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, వెళ్ళిపోయింది. ఆమె పేచీ పెట్టి ఉంటే మేస్త్రికి ఇంత బరువు ఉండేది కాదు.

*

మంగళవారం పొద్దున మేస్త్రి షెడ్డు తలుపు తీసేసరికి పనిబల్ల మీద ఒక కోటు పరిచి ఉంది. వీధి చివరి పోస్టుమాన్‌ది. పాతికేళ్ళ కిందట కుట్టించుకున్న పెళ్ళికోటు. ఇప్పుడు కూతురి పెళ్ళికి తొడుక్కుందామంటే పొట్ట ఒప్పుకోవడం లేదని తెచ్చిచ్చాడు. టైలరమ్మ రెండు పక్కల కుట్లూ విప్పి, మధ్యలో ముదురు రంగు పట్టీ వేసింది. దాచాలని చూడలేదు. పట్టీ అంచుల వెంట రెండు వరసల కుట్టు తీరుగా నడిపింది. కోటు మొదటి నుంచీ అలాగే కుట్టించుకున్నట్టుంది. చూస్తే ఇదివరకటి కంటే హుందాగా కూడా ఉంది.

మేస్త్రి కోటు తిరగేశాడు. లోపల వైపు కూడా చూశాడు. వేలితో పట్టీ వెడల్పు కొలిచాడు.

తరువాత తలెత్తి షెడ్డు మూలకి చూశాడు. అక్కడ గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి నిలబెట్టి ఉంది. కార్ఖానా మూసేసిన రోజు పనివాళ్ళు తలా ఒకటి తెచ్చుకున్నారు: బస్సు రేకుల అతుకుల మీద వేసే అల్యూమినియం పట్టీ. రెండంగుళాల వెడల్పు. అంగుళం సందు మీద వేస్తే అటు అరంగుళం, ఇటు అరంగుళం.

రివెట్లు కొట్టాలి. వేరే మార్గం లేదు.

స్టూలు మీద కూర్చున్నాడు. అతుకు కనపడని ఒళ్ళు కళ్ళ ముందు ఒకసారి మెరిసి వెళ్ళింది. ఆరు నెలల సాధన, మోకాలెత్తు కుప్ప. ఇంకో ఏడు ఆగితే ఆ ఒళ్ళు చెయ్యొచ్చు; ఎవరూ కాదనరు. అక్క ముందే కాదనదు. చెయ్యొచ్చు గానీ, అందులో కూర్చునేదెవరు?

నేల మీద చూశాడు. చాసీ కింద, అరిగిపోయినా, అక్క ఆకారపు సుద్దగీత ఇంకా ఉంది.

లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. మిషను ఆగింది.

“రివెట్టుకీ రివెట్టుకీ ఎంత దూరం పెట్టమంటావు?”

‘అంటారు’ కాదు, ‘అంటావు’. టైలరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది.

“దగ్గరగా వేస్తే అందం. దూరంగా వేస్తే తేలిక. కొండెక్కాలిగా.”

“అంగుళం?”

“అంగుళంన్నర. వంపు దగ్గర అంగుళం.”

మేస్త్రి అక్కకి ఫోను చేశాడు. “పేరు ఉంచు,” అన్నాడు. పెట్టేశాడు.

పట్టీ మెత్తబడందే వంపు తిరగదు. దాని మీద బట్టల సబ్బు రుద్ది మంట చూపించాడు; సబ్బు నల్లబడితే లోహం మెత్తబడినట్టు. టైలరమ్మ గుడ్డ మీద చుక్కలు పెట్టే పళ్ళచక్రం తెచ్చి పట్టీల అంచుల వెంట నడిపింది. ఆ చుక్కలు లెక్కపెట్టి మేస్త్రి రంధ్రాలు వేశాడు.

రివెట్టు ఒక్కడి పని కాదు. బయట ఒకరు సుత్తి వెయ్యాలి, లోపల ఒకరు ఇనపదిమ్మె ఆనించి పట్టుకోవాలి. బామ్మర్ది తోకలో దూరబోయి భుజాల దగ్గర ఇరుక్కున్నాడు. “బావా, ఇది వదిన కొలతకి కట్టారు, నాకు కాదు,” అని లోపల్నుంచే కేకలు. కాళ్ళు పట్టుకుని లాగాల్సి వచ్చింది. చివరికి టైలరమ్మ చీర చెంగు బిగించి, దిమ్మె పట్టుకుని లోపలికి దూరింది.

లోపల ఉన్నవాళ్ళతో బయటివాళ్ళు మాటలతో చెప్పరు. కార్ఖానా పద్ధతి: లోపల్నుంచి ఒక తట్టు తడితే సిద్ధం, బయట సుత్తి పడ్డాక రెండు తడితే బాగా కూర్చుంది, మూడు తడితే వంకర పోయింది, తీసెయ్. మేస్త్రి ఒక్కసారే చెప్పాడు. ఆ తరువాత మూడు వారాలు, రోజూ పొద్దున నాలుగు గంటలపాటు, ఆ ఇద్దరూ రేకుకి అటూ ఇటూ ఉండి మాట్లాడుకున్నారు. టక్. ధన్ ధన్. టక్ టక్. ముప్పై ఏళ్ళ కాపురంలో అంత సంభాషణ ఎప్పుడూ జరగలేదని బామ్మర్ది వీధంతా చెప్పుకుని తిరిగాడు.

ఒకసారి మూడు తట్లు వినపడ్డాయి. మేస్త్రి వంగి చూశాడు. బయటికి బాగానే ఉంది.

“బాగానే కూర్చుందిగా?”

“మీ వైపు,” అంది లోపలి గొంతు.

తీసేసి మళ్ళీ కొట్టాడు. మొత్తం పదకొండు వందల నలభై రివెట్లు. టైలరమ్మ మూడు తట్లు తట్టినవి పంతొమ్మిది.

రంగు వేసే వ్యవధి లేదు. రేకుని అలాగే తెల్లగా మెరుగు పెట్టారు. సీటు టైలరమ్మ నల్ల రెగ్జిన్‌తో కుట్టింది. “దీనికి మాత్రం అరంగుళం వదిలాను. ముందే చెప్తున్నా,” అంది.

ఇంజను మొదటిసారి వేసిన రోజు అక్క గేటు దగ్గరే నిలబడిపోయింది. ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ అందుకుని సన్నగా తిరగసాగింది. అక్క తల పక్కకి వంచి వింది.

“ఒరేయ్. ఇది నా బండిరా.”

“ఊఁ.”

“మూడో సిలిండరు ముందు నుంచీ ఇంతే, చలికి గొణుగుతుంది. నాకు చెప్పలేదేం?”

“అడగలేదుగా.”

వెనక నుంచి టైలరమ్మ ఇద్దరూ తుళ్ళిపడేలా నవ్వింది.

*

పరుగు జరిగే శనివారం పొద్దున కొండ కింద మైదానంలో తనిఖీ. ఇది దాటితేనే పరుగు. తనిఖీ చేసే పెద్దమనిషి చేతిలో అట్ట, అట్టకి కాగితం, చెవి వెనక పెన్సిలు. ఎవరితోనూ నవ్వడు. ముందున్న రెండు కార్లలో ఒకదాన్ని బ్రేకు బాగోలేదని వెనక్కి పంపేశాడు. దాని సొంతదారు చెట్టంత మనిషి, పక్కకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. బామ్మర్ది అది చూసి మొదటిసారి నోరు మూసుకున్నాడు.

పెద్దమనిషి చక్రాలు పట్టుకుని ఊపాడు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. బండి కింద అట్టముక్క పరిచి, పది నిమిషాలయ్యాక నూనె చుక్క పడిందేమోనని చూశాడు. పడలేదు. తరువాత ఒంటి మీద పట్టీల వెంట వేళ్ళ కణుపులతో కొడుతూ తోక దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“అంతా రివెట్లే. అతకలేదేం?”

ముప్పై ఒక్కేళ్ళ రివెట్లు, ఆరు నెలల మంట, అరంగుళం. మేస్త్రి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? బామ్మర్ది ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోయాడు. మేస్త్రి వాడి కాలు తొక్కాడు.

“ఒంటికి చాలలేదండీ,” అంది టైలరమ్మ. “పట్టీ వేశాం.”

పెద్దమనిషి ఆమె మెళ్ళో టేపు చూశాడు, మళ్ళీ బండిని చూశాడు.

“నడిపేది నేను బాబూ,” అంది అక్క. “నాకైతే రివెట్లే నయం. అంబులెన్సుకీ అవే ఉండేవి. రివెట్టు వదులైతే ముందే గలగలమని చెప్తుంది. అతుకు చెప్పదు, ఒక్కసారే విడిపోతుంది.”

మేస్త్రి అక్క వైపు తిరిగి చూశాడు. పదకొండు వందల నలభై రివెట్లు కొడుతూ ఆయనకి తట్టని మాట అది.

పెద్దమనిషి ఆమె కాగితాలు తీసుకుని పుట్టిన తేదీ దగ్గర పెన్సిలు ఆపాడు. వేళ్ళ మీద లెక్క వేశాడు.

“ఇంకా పదకొండు రోజులున్నాయి మీకు.”

“పదకొండు రోజులెందుకు, నాకు పది నిమిషాలు చాలు.”

ఆయన మూతి ఒక పక్కకి కదిలింది. నవ్వే అయి ఉండాలి. కాగితం మీద సంతకం పెట్టి, బండి ముక్కు పక్కన అంకె అంటించి, తరువాతి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీశాడు. కార్ఖానాలో ఒక ఆచారం ఉండేది. ఒళ్ళు పూర్తయిన బస్సు మీద కట్టినవాడు సుద్దతో అడ్డంగా ఒక గీత గీస్తాడు. ఆ గీత ఉన్నంతసేపు బండి కట్టినవాడిది. డ్రైవరు వచ్చి తన చేత్తో తుడుచుకున్నాక బండి డ్రైవరుది. ఆ తరువాత కట్టినవాడు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. స్కూలు బస్సు తీసుకోవడానికి ఆ కార్ఖానాకి వచ్చినప్పుడు అక్క కూడా ఒక గీత తుడిచింది. ఆ గీత గీసింది వేరే మేస్త్రి. ఆ బస్సు వేరేవాళ్ళది.

బానెట్టు పక్కన, పట్టీకి పైన, జానెడు గీత గీశాడు మేస్త్రి.

అక్క కోటు గుండీలు పెట్టుకుంది. గీత ముందు నిలబడి ఒక్క క్షణం చూసింది. అరచెయ్యి మొత్తం ఆనించి, పసిపిల్ల మూతి తుడిచినట్టు, ఒక్కసారి తుడిచింది. చేతికంటిన సుద్దని తమ్ముడి చొక్కాకి రాసి, చేతిబ్రేకు పట్టుకుని లోపలికి దిగి కూర్చుంది.

మడమలు సరిపోయాయి. తుంటి సరిపోయింది. కోటుతో కూడా భుజాల దగ్గర అంగుళం మిగిలింది.

“బిగుతుగా ఉందా వదినా?” అంది టైలరమ్మ.

“ఒంటికి కుట్టినట్టుంది.”

ఇంజను అందుకుంది. మూడో సిలిండరు గొణిగింది, సర్దుకుంది. అక్క వెనక్కి చూడలేదు. డ్రైవరు ముందుకే చూస్తుంది. తెల్లటి బండి మైదానం దాటి, కొండ మొదట్లో గడియారం పట్టుకున్న మనిషి దగ్గరికి నింపాదిగా వెళ్ళి ఆగింది.

మేస్త్రి చెయ్యి రేకు తడిమే అలవాటుతో ముందుకు సాగి, తడమడానికి ఎదురుగా బండి లేక, వెనక్కి వచ్చి జేబులోకి వెళ్ళింది.